ఎంగిలి రొట్టె

సోమవారం, బుధవారం, శుక్రవారం మాలతి మూడున్నరకే లేస్తుంది. పొయ్యి ముట్టించి, మొగుడికి ఉప్పు లేని ఉప్మా వండి, ఆయన వాటాకు కొలిచి పెట్టిన చిన్న గ్లాసు నీళ్లు చేతికిచ్చి, ఐదింటి బస్సుకు వనపర్తి దవాఖానకు తోలుకుపోతుంది. అక్కడ బాలకృష్ణ నాలుగు గంటలు మిషను పక్కన పడుకుంటాడు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోయి, శుభ్రమై, ఇంకో గొట్టంలోంచి లోపలికొస్తుంది. వారంలో మిగిలిన రోజులు మాలతి కొత్తకోట దగ్గర హైవే మీది ధాబాలో రొట్టెలు చేస్తుంది. మెత్తగా కావాలన్న డ్రైవరుకు మెత్తగా, కరకరలాడాలన్న వాడికి కరకరలాడేలా, రోజుకు మూడు వందల రొట్టెలు ఆమె చేతి కింద నుంచి పోతాయి.

బాలకృష్ణ కూడా ఒకప్పుడు ఆ రోడ్డు మీదే ఉండేవాడు. కొత్తకోట నుంచి వనపర్తికి షేరింగ్ ఆటో నడిపేవాడు. కిడ్నీలు రెండూ పాడయ్యాక ఆ ఆటో మీద తాడిపత్రి పట్టా కప్పారు. రెండేళ్లయింది. పోయిన నెల డాక్టరు మాలతిని బయటికి పిలిచి, ఆయన గుండె బలం తగ్గిపోయిందని చెప్పాడు. వారానికి మూడుసార్లు మిషను మీద పెడితే ఆ గుండె తట్టుకోదు. తగ్గిస్తే ఒంట్లో విషం నిండుతుంది. "ఎన్నాళ్లు సార్?" అని అడిగితే ఆయన చేతిలో పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. మాలతి ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెప్పలేదు, మొగుడికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇద్దరికీ తెలుసు, అది వేరే మాట.

ఆ డిసెంబరులోనే కోరల పున్నమి వచ్చింది.

మార్గశిరంలో వచ్చే ఈ పున్నమి నాడు యముడు కోరలు తెరుచుకుని కూర్చుంటాడట. అందుకని ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మినప రొట్టెలు కాల్చి, ఎవరిది వాళ్లు ఒక కొరుకు కొరికి కుక్కలకు వేస్తారు. రోగాలు పోతాయని నమ్మకం. వేరే ఊళ్లలో ఏ కుక్క ఎదురైతే దానికి వేసి చేతులు దులుపుకుంటారు. మాలతి వాళ్ల ఎర్రగుట్టపల్లెలో మాత్రం అందుకోసమని గుట్ట అవతల నుంచి ఒక కుక్క వస్తుంది. గోధుమ రంగుది, ఎడమ చెవి చిరిగి ఉంటుంది. ఊళ్లో ముసలివాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు కూడా అదే కుక్క, అదే చెవి. చీకటి పడగానే వచ్చి ఊరి చివరి బండ మీద కూర్చుంటుంది. కాలు నొప్పి ఉన్న వెంకటయ్య కొరికిన రొట్టె తింటే దాని ముందరి కాలు కుంటుపడుతుంది. ఇంకొకరి రొట్టె తింటే దగ్గు మొదలవుతుంది, మరొకరిది తింటే కన్ను కారుతుంది. ఇట్లా ఊరి నొప్పులన్నీ ఒంటి మీదికి తెచ్చుకుని, తెల్లారేలోపల గుట్టెక్కి అవతలికి దిగిపోతుంది. మళ్లీ ఏడాదికి నిగనిగలాడుతూ వస్తుంది. దీని గురించి ఊరివాళ్లు పెద్దగా మాట్లాడుకోరు. ఐదింటి బస్సు గురించే ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

కుక్కతో రెండే కట్టుబాట్లు. ఆ రాత్రి ఒకరి ఎంగిలి ఒకరు తినకూడదు, ఎంగిలి ఎటు పోతే రోగం అటు పోతుంది. రెండోది, పెద్ద రోగం కుక్కకు పెట్టకూడదు. ఇరవై ఏళ్ల కింద బుచ్చన్న అనే ఆయన కడుపులో గడ్డ పెట్టుకుని, గ్యాసని చెప్పి రొట్టె వేశాడు. కుక్క సగం గుట్ట కూడా ఎక్కలేక కూలబడింది. దాని మీద సూర్యుడు పొడిచేసరికి ఆ రాత్రి ఇచ్చిన నొప్పులన్నీ రెండింతలై ఎవరివి వాళ్ల ఇళ్లకు తిరిగొచ్చాయి. బుచ్చన్న ఎట్లాగూ మిగల్లేదు. నలుగురు ముసలివాళ్లు కూడా ఆ చలికాలం దాటలేదు.

అప్పటి నుంచి బండ దగ్గర నిలబడి ఒక్కో రొట్టెనూ చూసి, రోగం అడిగి, చిన్నదైతేనే కుక్కకు వేసే పని మాలతి అత్త హన్మమ్మది. ఆ పని ఆమె చేతిలో ఊరికే నిలవలేదు. బుచ్చన్న పోయిన మూడో ఏడే ఆమె పెనిమిటి రక్తం కక్కుకుంటుంటే, ఆయన రొట్టెను ఆమే పక్కన పెట్టేసింది. జొన్న కోతల లోపల ఆయన పోయాడు. ఇక ఆమెతో వాదించే నోరు ఊళ్లో ఎవరికుంటుంది?

ఆ ఏడు కోరల పున్నమి డిసెంబరు ఇరవై రెండున, శనివారం పడింది. అదే రోజు ఏడాదికంతటికీ పొడుగైన రాత్రి అని, చంద్రుడు మామూలుకంటే ఎక్కువ వెలుగుతో ఉంటాడని టీవీలో చెప్పారు. మాలతి ఆ ముక్క ధాబాలో రొట్టె తిప్పుతూ విన్నది. పెనం మీద రొట్టె మాడిపోయేదాకా వింటూనే ఉంది. వెలుగు సంగతి ఆమె చెవికి ఎక్కలేదు, పొడుగు సంగతే ఎక్కింది.

సాయంత్రం హన్మమ్మ పెనం మీద రెండే రొట్టెలు కాల్చింది. ఒకటి తనకు, ఒకటి కోడలికి.

"ఆయనకు?" అంది మాలతి, తెలిసీ.

"వాని రోగం కుక్కకు పట్టది." హన్మమ్మ పెనం దించింది. "నీది నువ్వు కొరుక్కోని బండకాడికి రా. నేను ముందుగాల పోత."

కొడుకు గురించి మాట్లాడుతున్న గొంతులా లేదది. ఆ క్షణంలో మాలతికి అత్త మీద పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. పదిహేనేళ్ల కాపురంలో ఆమెను ఎన్నోసార్లు విసుక్కుంది కానీ ఇట్లా అసహ్యించుకోవడం ఇదే మొదటిసారి. అత్త వాకిలి దాటిందాకా చూసి, తన వాటా రొట్టె తీసుకుని మొగుడి మంచం దగ్గరికి పోయింది.

బాలకృష్ణ కళ్లు తెరిచి పడుకుని ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది.

"ఏందే ఇది?"

"కొరుకు."

"అమ్మ ఇచ్చిందా?"

"అమ్మ ఎందుకిస్తది? నా రొట్టెనే. జర సప్పుడు చెయ్యకుండ కొరుకు."

ఆయనకు అర్థమైంది. రొట్టె వంక, పెళ్లాం వంక చూశాడు. "కుక్క నడుమల్నే కూలబడితే? బుచ్చన్న తాత ముచ్చట యాదికి లేదా?"

"కూలబడది. ఇయ్యాల ఏడాదికే పొడుగు రాత్రంట. దానికి శానా టైముంది."

"ఎంత పొడుగే? నిన్నటికి, ఇయ్యాలటికి ఒక్క నిమిషం గూడ ఉండది."

"గా నిమిషమే సాలు. గా నిమిషంలనే దాటుతది."

బాలకృష్ణ నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నాకు భయమైతుంది మాలతీ," అన్నాడు. రెండేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. తర్వాత తల ఎత్తి, ఆమె చేతిలో ఉండగానే రొట్టె కొరికాడు.

మాలతి రొట్టెను కొంగులో పెట్టుకుని వీధిలోకి వచ్చింది. నాలుగడుగులు వేసిందో లేదో ఆగిపోయింది. వెన్నెల అట్లా ఇట్లా లేదు. గోడ మీద పాకే చీమలు కనిపిస్తున్నాయి. ఎదురింటి సుల్తానాబీ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది, లైటు లేకుండానే. హన్మమ్మ కళ్లకు శుక్లాలున్నాయి, రాత్రిపూట ఆమెకు సరిగా ఆనదు. మాలతి ధైర్యమంతా ఆ శుక్లాల మీదే పెట్టుకుంది. ఈ వెలుగులో శుక్లాలున్నా లేకున్నా ఒకటే.

కొంగు విప్పి రొట్టె చూసుకుంది. బాలకృష్ణ పై పళ్ల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంది. కొరికిన చోట సరిగ్గా నడుమ, ఆ సందు కింద తెగకుండా మిగిలిన ముక్క నిటారుగా నిలబడి ఉంది. ఇంకెవరైనా గుర్తుపట్టకపోవచ్చు. కన్నతల్లి పట్టదా? చిన్నప్పుడు జామకాయ మీద ఆ గుర్తు చూసే కదా దొంగను పట్టేది!

మాలతి ఆలోచించలేదు. పదిహేనేళ్లుగా మొగుడి కంచంలో మిగిలింది తినే నోరు అది. కాయ సగం ఆయన కొరికిస్తే మిగతా సగం తినే నోరు. ఆ ముక్క కనపడకుండా పోవాలన్న ఒక్క తొందరలో, అదే కొరుకు మీద తన పళ్లు పెట్టి ఇంకాస్త పెద్దగా కొరికి, నమిలి మింగేసింది.

మింగాక గుర్తొచ్చింది.

అప్పటికే నోట్లో ఇనుము నాకినట్టు రుచి తగిలింది. కాలి మట్టెలు వేళ్లకు బిగుసుకున్నాయి. వంగి మడమ మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. బాలకృష్ణ కాళ్ల మీద రోజూ తాను నొక్కి చూసే గుంట అదే. 'పర్వాలేదు, కుక్క తింటే రెండూ పోతాయి, ఆయనదీ నాదీ' అని తనకు తాను చెప్పుకుని, కాళ్లు బరువెక్కుతుంటే బండ వైపు నడిచింది.

బండ చుట్టూ ఊరు ఊరంతా ఉంది. కుక్క నడుమ కూర్చుని ఉంది. అప్పటికే దాని ముందరి కాలు ఒకటి నేల మీద ఆనడం లేదు, తల ఓ పక్కకు వాలింది. సుల్తానాబీ కూడా చేట పక్కన పెట్టి వచ్చింది. వరుసలో మాలతికి ముందు ఆమే ఉంది.

"ఏం రోగం సుల్తానా?"

"పన్ను, అక్కా. నాలుగు దినాలసంది నిద్ర లేదు. అల్లా కసమ్, పన్నే."

హన్మమ్మ రొట్టె చూసి కుక్కకు వేసింది. కుక్క నమిలి మింగి, మూతి ఒక వైపుకు తిప్పుకుని మూలిగింది. సుల్తానాబీ దవడ తడుముకుని, హాయిగా నిట్టూర్చి, పక్కకు తప్పుకుంది. తప్పుకుందే కానీ ఇంటికి పోలేదు, తమాషా చూద్దామని అక్కడే నిలబడింది.

మాలతి రొట్టె చాచింది.

"నీకేంది?"

"నడుం, అత్తమ్మ. నిలబడి నిలబడి."

హన్మమ్మ రొట్టె అందుకుని విసరడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఆగింది. రొట్టెను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, చంద్రుడి వైపు తిప్పి పట్టుకుంది. మాలతి కొరికింది చాలా పెద్దగానే కొరికింది. అయినా ఒక అంచున, గోరంత మేర, ఆ సందు గుర్తు మిగిలే ఉంది. ముసలామె బొటనవేలు ఆ గుర్తు మీదికి పోయి నిలిచింది.

కుక్క లేచి నిలబడి, మూడు కాళ్ల మీద ముందుకు వచ్చి, రొట్టె కోసం మెడ చాచింది. దానికి ఏ రొట్టె అయినా ఒకటే, పెడితే తింటుంది. వద్దనడం దానికి రాదు.

"ఇద్దరు కొరికిన్రు," అంది హన్మమ్మ, మాలతికి మాత్రమే వినపడేలా.

"నేనే కొరికిన."

"అబద్ధమాడకు. నా కొడుకు పన్ను నాకు తెల్వదా?"

"అత్తమ్మ, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల పొడుగు రాత్రి. గుట్ట దాటుతది. ఒక్కపారి వెయ్యి." మాలతి ఆమె మణికట్టు పట్టుకుంది. "నీ కొడుకే గదా!"

"ఈళ్లందరు గూడ ఎవలో ఒకల కొడుకులే." హన్మమ్మ వరుస వైపు చూసింది. చంటిపిల్లల చేత ఇంత ముక్క కొరికించి తెచ్చిన తల్లులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, అందరూ చలిలో ముడుచుకుని నిలబడి ఉన్నారు. "మీ మామకే ఇయ్యలే నేను."

వెనక నుంచి వెంకటయ్య పెళ్లాం కిష్టమ్మ అరిచింది. "ఏమైంది వదినె? ఏందంత సేపు?"

హన్మమ్మ చూపు కోడలి కాళ్ల మీదికి దిగింది. పొద్దున సన్నగా ఉన్న కాళ్లు ఇప్పుడు చీర అంచు కింద ఉబ్బి మెరుస్తున్నాయి. ఎంత సేపు చూసిందో! ఎంగిలి తినొద్దని ఊరందరికీ ఇరవై ఏళ్లుగా చెప్తున్నది ఆమే. ఎంగిలి ఎటు పోతే రోగం అటు పోతుందని చెప్పడమే తప్ప, అట్లా పోయినంత రోగి దగ్గర తగ్గుతుంది కదా అన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు. అది తెలియక పెనిమిటి రొట్టెను ఎండబెట్టి, పొడి చేసి, చెట్టు మొదట్లో పోసింది. ఆయన పక్కన ఆరోగ్యంగా కూర్చుని ఆయన పోవడం చూసింది. ఇప్పుడూ ఏడవలేదు, కానీ ఏడుపు అంతా మొహం మీదే ఉంది.

"సగం నీకొచ్చిందా?" అంది.

మాలతి తల ఊపింది.

హన్మమ్మ కుక్కను మోచేత్తో పక్కకు తోసింది. "నీకు గాదు పో," అని, రొట్టెను తన నోటికి ఎత్తుకుంది. ఆ కొరుకు మీదే కొరికింది. ఉన్న నాలుగు పళ్లతో నమిలింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క, మిగలకుండా తిన్నది. ఊరంతా చూస్తోంది.

"అత్తమ్మ, ఏం జేస్తున్నవ్! ముగ్గురం పోతే?"

"పోతే ముగ్గురం పోదం. మన ఇంటిది మన ఇంట్లనే ఉండాలె." చేతికంటిన పిండి దులుపుకుంది.

సుల్తానాబీకి సంగతి అర్థమైపోయింది. చెయ్యి చాచి ముందుకొచ్చింది. "అక్కా, నాకు గూడ జర పెడ్తేంది? బాలకృష్ణ నా చేతుల పెరిగిన పిలగాడు."

"రొట్టె అయిపోయింది. నీ పన్ను పోయింది గద, పోయి కంటినిండ పండు." హన్మమ్మ మొహం తిప్పుకుంది. అప్పటికే ఆమె ఒంటి చేత్తో బండను పట్టుకుని నిలబడి ఉంది. "ఎవలు తర్వాత? కిష్టమ్మా, రా. ఏం రోగం?"

"మోకాలు," అంది కిష్టమ్మ, కొంచెం మెల్లగా.

ఆఖరి రొట్టె పడేసరికి చంద్రుడు నడినెత్తి దాటాడు. కుక్క కుంటుతూ, దగ్గుతూ, మూతి వంకర పెట్టుకుని గుట్ట వైపు కదిలింది. వెన్నెల్లో అది ఎక్కుతున్న ఒక్కో రాయీ కనిపిస్తోంది. రెండుచోట్ల ఆగింది. ఆగిన ప్రతిసారీ మాలతి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కూడా ఉబ్బి ఉంది. కుక్క మళ్లీ లేచి నడిచి, గుట్ట అంచు మీద ఒక్క క్షణం కనిపించి, అవతలికి దిగింది.

అప్పుడు గానీ ఇద్దరికీ ఇంటి సంగతి గుర్తుకు రాలేదు. తన రొట్టె మరొకరు మింగితే, కొరికినవాడు ఏమవుతాడో ఎవరికి తెలుసు? ఇరవై ఏళ్లలో ఎవరూ చేసి చూడలేదు. మాలతి పరుగెత్తాలనుకుంది, కాళ్లు రాలేదు. అత్తాకోడళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, అంత చిన్న వీధి అరగంట నడిచారు.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కింద పడి ఉంది.

"బాలకృష్ణా!" అంది హన్మమ్మ. జవాబు లేదు. మాలతి గోడ పట్టుకుని అట్లాగే జారి కూర్చుంది. ఆయన్ను ఒంటరిగా వదిలిపెట్టి పోయానే అన్న ఒక్క మాటే తలలో తిరిగింది.

అప్పుడు దొడ్డి వైపు నుంచి చప్పుడు వినపడింది. గోడకు ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు. ఆగి, మళ్లీ మొదలై, చాలాసేపు పడింది. పదకొండు నెలలుగా బాలకృష్ణకు ఒంటికి పోయింది లేదు. తాగిన ప్రతి చుక్కా మిషను తోడాల్సిందే. అత్తాకోడళ్లు కదలకుండా విన్నారు. గుళ్లో మంత్రం కూడా అంత భక్తిగా ఎవరూ విని ఉండరు. వింటూ వింటూ హన్మమ్మ కోడలి తల తన కడుపుకు అదుముకుని, ఇన్నేళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

"ఏమైందే?" అన్నాడు బాలకృష్ణ లుంగీ సర్దుకుంటూ వచ్చి. "ఇద్దరు గిట్ల కూసున్నరేంది?"

సోమవారం దవాఖానలో డాక్టరు ముగ్గురి రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒక్కొక్కరికి వారానికి ఒక్కసారి చాలన్నాడు. రిజిస్టరులో బాలకృష్ణ పేరు మీద ఉన్న మూడు రోజుల్లో రెండు కొట్టేసి, బుధవారం దగ్గర మాలతి అని, శుక్రవారం దగ్గర హన్మమ్మ అని రాయించాడు. మంచం అదే, మిషను అదే.

శుక్రవారం పొద్దున బాలకృష్ణ ఆటో మీది తాడిపత్రి లాగేశాడు. సుల్తానాబీ కొడుకు బ్యాటరీ మార్చి ఇస్తే నాలుగో దెబ్బకు స్టార్టయింది. తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వనపర్తికి బయలుదేరాడు. కొత్తకోట దాటీ దాటగానే ఎవరో చెయ్యి ఎత్తారు. బాలకృష్ణ ఆపాడు. ముందుకు పోయాక ఇంకో ఇద్దరు. వాళ్లనూ ఎక్కించుకున్నాడు. హన్మమ్మ మూలకు ఒదుక్కుని, మోకాళ్ల మీద ఎవరిదో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చుంది.

"ఓరి, నేను దవాఖానకు పోతుంటే నువ్వు ప్యాసింజర్లను ఎక్కిస్తున్నవా?"

"ఖాళీగ పోతే ఏమొస్తదమ్మా?" అన్నాడు బాలకృష్ణ అద్దంలో చూస్తూ. "జర సర్దుకో. ఇంకొకలకు జాగ ఉంది."

హన్మమ్మ తిట్టుకుంటూ సర్దుకుంది.